మామగారు నొక్కి చూసిన స్లీపింగ్ బ్యాగులు

మామగారికి ఏ వస్తువునైనా నొక్కి చూడనిదే నమ్మకం కుదరదు. నలభై ఏళ్లు పరుపులు కుట్టిన మేస్త్రి మరి, ఆ చేతులు ఊరుకోమంటే ఊరుకుంటాయా? కాబోయే కోడలింటికి మొదటిసారి వెళ్లినరోజు ఆయన పిల్లకంటే ముందు వాళ్ల సోఫా సంగతి చూశాడు. "పైన రెండంగుళాలే స్పాంజి. కిందంతా చింకిగుడ్డలు. నిలువునా మోసపోయారండీ!" అని కాబోయే వియ్యంకుడి ముఖం మీదే చెప్పేశాడు. ఆ సంబంధం ఎలా నిలబడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

బ్యాంకులో మేనేజరు లేవడమే ఆలస్యం, ఈయన ఆ కుర్చీ సీటు నొక్కేవాడు. "ఎడమపక్క నడుం నొప్పా సారూ?" అనేవాడు. ఎడమపక్కే. ఒకసారి ఆసుపత్రిలో ఎవరినో పలకరించడానికి వెళ్లి, రోగిని లేపి కూర్చోబెట్టి, పరుపు తిరగేసి వేసి వచ్చాడు. "ఇంకాసేపుంటే ఆపరేషన్ కూడా చేసి వచ్చేవారు," అని అత్తగారు తల పట్టుకుంది.

ఇలాంటి మనిషి స్లీపింగ్ బ్యాగు కొనడానికి తోడు వస్తాననేసరికి కోడలి గుండె గుభేలుమంది.

ఆమె భూగోళం టీచరు. తొమ్మిదేళ్లుగా మంచుకొండల పాఠం చెబుతోంది గానీ మంచును కంటితో చూసిన పాపాన పోలేదు. "మంచు మీద నడిస్తే చప్పుడవుతుందా టీచర్?" అని ఒక పిల్ల అడిగితే, "రేపు చెబుతాను, కూర్చో," అని తప్పించుకుంది. ఆ రోజునుంచీ అదే ధ్యాస. బోర్డు మీద కొండ గీసి, శిఖరం మీద సుద్ద అడ్డంగా రుద్దుతుంటే, ఆ తెలుపులోకి ఇటునుంచి ఇటే నడిచి వెళ్లిపోవాలనిపించేది. ఒక ఏడాది కడుపుతో ఉంది. ఒక ఏడాది బదిలీ. మరో ఏడాది అత్తగారి మోకాలు. ఇన్నాళ్లకు సెలవు దొరికింది, మంచుకొండలెక్కే టీచర్ల బృందంలో చోటు దొరికింది, పిల్లాణ్ణి తను చూసుకుంటానని మొగుడు ఒప్పుకున్నాడు. శుక్రవారం ప్రయాణం. మంచులో మూడు రాత్రులు గుడారాల్లో పడుకోవాలి గనక, సరైన స్లీపింగ్ బ్యాగు లేనివాళ్లను బస్సెక్కించరు. గురువారం సాయంత్రం తనిఖీ.

ఆదివారం దుకాణంలో సేల్స్‌మన్ ఎర్రటి బ్యాగు పరిచాడు. "డౌన్ సార్. అంటే బాతు పొట్టకింద ఉండే నూగు. ఉత్త ఈకలు కాదు."

మామగారు కళ్లు మూసుకుని నొక్కాడు, వదిలాడు, అది మళ్లీ పొంగేదాకా లెక్కపెట్టాడు. "ఏడు దాకా వచ్చినా లేవలేదు. దీనికి బద్ధకం."

నీలంది తెచ్చారు. "నూగన్నావు, గుచ్చుకుంటోందేం? బాతు తోక కూడా కలిపేశారు."

ఆకుపచ్చది తెచ్చారు. "లోపలి నూగంతా ఒక పక్కకి జారిపోయింది. దీన్ని కుట్టినవాడెవడో ఇంటికెళ్లే తొందరలో ఉన్నాడు."

"సార్, మైనస్ పది డిగ్రీలని రాసుంది, చూడండి!" అన్నాడు సేల్స్‌మన్, ఏడుపొక్కటే తక్కువగా.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చీటీ చదివాడు. "పెద్దక్షరాల్లో మైనస్ పది. కింద చీమతలకాయంత అక్షరాల్లో మైనస్ నాలుగు. ఏంటి బాబూ తేడా?"

సేల్స్‌మన్ గొంతు తగ్గించాడు. "మైనస్ నాలుగుదాకా హాయిగా నిద్రపడుతుంది సార్. మైనస్ పదిదాకా... ఓర్చుకోవచ్చు."

"మా అమ్మాయి నిద్రపోవడానికి వెళ్తోందా, ఓర్చుకోడానికి వెళ్తోందా?"

బుధవారానికల్లా పదకొండు బ్యాగులు, నాలుగు దుకాణాలు అయిపోయాయి. అయిదో దుకాణంవాడు ఈయన్ను దూరంనుంచి చూసి సగం షట్టరు దించేశాడు. ఇంటికి రాగానే కోడలు ఇక ఉండబట్టలేకపోయింది.

"నేను వెళ్లడం మీకిష్టం లేకపోతే ఆ ముక్కే చెప్పండి మామయ్యా! తొమ్మిదేళ్లు ఆగాను. ఇంకో ఏడాది ఆగడం నావల్ల కాదు."

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆమె గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. చేతికందేంత దగ్గరికి వచ్చిన కొండ మళ్లీ బోర్డు మీదికే వెళ్లిపోయినట్టనిపించింది.

గురువారం మధ్యాహ్నం స్కూలుకి ఫోనొచ్చింది. ఐసు ఫ్యాక్టరీ యజమాని, మామగారి చిన్ననాటి స్నేహితుడు.

"అమ్మా, మీ మామగారు పొద్దుట్నుంచీ నా ఐసు గదిలో పడుకున్నారు. బయటికి రమ్మంటే కసురుతున్నారు. కాస్త వచ్చి తీసుకెళ్తారా?"

ఆమె పరుగున వెళ్లింది. ఐసు దిమ్మల మధ్య నారింజరంగు స్లీపింగ్ బ్యాగు. అందులోంచి ఎర్రబడ్డ ముక్కు ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

"ఇది మూడోది," అన్నాడు యజమాని. "నచ్చకపోతే తిరిగిచ్చేస్తానని దుకాణంవాడితో మాట్లాడుకుని తెచ్చాడు. మొదటి రెండిట్లోంచీ తిట్టుకుంటూ బయటికి దూకాడు."

"మామయ్యా! ఏంటీ పని?"

"ఉండమ్మా, కాళ్లు చూస్తున్నా. ఒంటి దగ్గర అందరూ బాగానే నింపారు. పాదాల దగ్గరకొచ్చేసరికే పిసినారులైపోయారు. నీకసలే కాళ్లు చల్లబడతాయి."

ఆమె తెల్లబోయింది. ఆ మాట మొగుడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. "మీకెలా తెలుసు?"

"మనింట్లో సోఫాకి ఆ చివరి దిండు లేదూ? పేపర్లు దిద్దుతూ కాళ్లు దాని కింద దూర్చుకుంటావు. అదొక్కటే అణిగిపోతుంది. ఏడాదికి రెండుసార్లు దాంట్లో కొత్త దూది పెడుతున్నా."

నిన్న అన్న మాటలు తలుచుకుంటే ఆమెకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. బ్యాగు కాళ్లవైపు తనూ ఒకసారి నొక్కి చూసి, "మరి ఇది ఎలా ఉంది?" అని అడిగింది.

"ఇది భేషుగ్గా ఉంది. తీసుకో."

"అయితే లేవండి, సాయంత్రం తనిఖీ ఉంది."

"తనిఖీ చేసేవాళ్లకి నొక్కడం వచ్చా?" అన్నాడే గానీ ఆయన కదల్లేదు. కళ్లు మూసుకున్నాడు. "ఇంకో రెండు నిమిషాలమ్మా. కొండమీద మంచులో పడుకోవాలని చిన్నప్పట్నుంచీ నాకూ ఉండేది. ఎవరికీ చెప్పుకోలేదు. పరుపులు కుట్టేవాడు నేలమీద పడుకుంటానంటే నవ్వరూ?"

ఆమె ఆయన పక్కనే గొంతుక్కూర్చుంది. చెప్పుల్లోంచి చలి పాకుతోంది. "వచ్చే ఏడు ఇద్దరం వెళ్దాం మామయ్యా."

జిప్పు సర్రుమంది. ఆయన లేచి కూర్చున్నాడు.

"అయితే పద, నీ తనిఖీ అవగానే దుకాణానికి వెళ్దాం. నాది వెతకడానికి ఏడాది ఎక్కడ సరిపోతుంది!"