టీచరక్క వేషం నేను కట్టిన రోజు

వేదిక వెనక ఎక్కి దిగడానికి మెట్లు లేవు. రెండు సిమెంటు ఇటుకల మీద ఒక చెక్క పలక వేసి సరిపెట్టారు. ఆ పలక ఊగుతోందని పొద్దున పదింటికే నాకు తెలుసు. నేను కాలు పెట్టగానే ఒక పక్కకు ఒరిగింది, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను. ఎవరికైనా చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. మధ్యాహ్నం రెండున్నరకు టీచరక్క ఆ పలక మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది.

మాది ఎనిమిది మంది నాటక బృందం. అందరికీ వేరే పనులున్నాయి. నాటకం రాసి ఆడించే సారు రిటైరైన గుమాస్తా. కొడుకు వేషం వేసే అన్న తుక్కుగూడ వైపు ఆటో నడుపుతాడు. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక వీధిలో నాకొక టైలరింగ్ షాపు ఉంది. బృందానికి బట్టలు కుట్టడానికి వెళ్లిన నన్ను, తెలుగు తడుముకోకుండా చదువుతానని, తెర పక్కన కూర్చోబెట్టి మాట అందించే పని ఇచ్చారు. వేదిక మీద ఎవరైనా ఆగిపోతే, జనానికి వినబడకుండా వాళ్లకు మాత్రం వినబడేలా తర్వాతి మాట చెప్పాలి. టీచరక్క రాలేని రోజుల్లో రిహార్సల్‌లో ఆమె స్థానంలో నిలబడేదాన్ని కూడా. ఎందుకైనా మంచిది, ఆ వేషం నువ్వు కూడా నేర్చుకో అని సారు రెండేళ్ల కిందటే అన్నాడు.

టీచరక్క సర్కారు బళ్లో పంతులమ్మ. యాభై దాటాయి. భూములున్న ఇంటి ఆడబిడ్డ. ఆమె గొంతెత్తితే మైకు అక్కర్లేదు. మా నాటకంలో ఆమెది చేపలు పట్టే ఇంటి తల్లి వేషం. చెరువు ఎండిపోయిన ఏళ్లలో, వలలు పాత సామాన్ల వాడికి అమ్మేద్దామనే కొడుకుతో ఆ తల్లి కొట్లాడుతుంది. నేను నిజంగానే అలాంటి ఇంట్లో పుట్టాను. మా అమ్మ బస్సులో గంప వేసుకుని అబ్దుల్లాపూర్‌మెట్ దాకా పోయి చేపలు అమ్మింది. కాబట్టి టీచరక్క ఆ వేషంలో చేసే చిన్న చిన్న తప్పులు నా కంట్లో నలుసుల్లా పడేవి. ఆ వేషం నాది అని మనసులో ఒక మూల ఉండేది. ఎవరితోనూ అనలేదు కానీ ఉండేది.

ఆ ఏడాది నాటక పోటీలు మా ఊళ్లోని ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. సొంత ఊళ్లో ఈ నాటకం ఆడటం మాకదే మొదటిసారి. మా ఆట సాయంత్రం నాలుగింటికి. పొద్దున వేదిక చూసుకోవడానికి వెళ్లినప్పుడు టీచరక్క చేపల గంపను రెండు చేతులతో నీళ్ల బిందెలా ఎత్తింది. నేను ఉండబట్టలేక అందరి ముందే అనేశాను.

“అక్కా, గంప గట్ల ఎత్తరు. ముందుగాల మోకాలి మీదికి తీసుకొని, ఆడికెళ్లి తలమీదికి ఎత్తుకుంటరు.”

ఆమె మొదట నవ్వింది. తర్వాత ఆమె ముఖం మారింది.

“నువ్వు నీ కాయితం చూస్కో. ఇరవై ఏండ్ల సంది స్టేజీ మీదున్న. గంప ఎత్తుడు నువ్వు నేర్పుతవా నాకు?”

ఒకరిద్దరు నవ్వారు. నేను చెవులు కాలుతుండగా వెనక నుంచి దిగాను. పలక ఊగింది అప్పుడే. ఐదడుగుల దూరంలో సారు ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఫోను అయ్యాక చెబుదామని నిలబడ్డాను. ఫోను అయింది. నేను వెళ్లి ఒక మూల కూర్చుని సూదిలో దారం ఎక్కించుకున్నాను. మరిచిపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఆ నిమిషంలో వాళ్లెవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

రెండున్నరకు ఆమె పడ్డ చప్పుడు పెద్దగా లేదు. గంప దొర్లిన చప్పుడు, తర్వాత ఒక మూలుగు. నేను పరుగెత్తేసరికి టీచరక్క వేషంలోనే నేల మీద కూర్చుని ఉంది. కుడికాలు మడమ దగ్గర చూస్తుండగానే ఉబ్బుతోంది. పలక పక్కకు తిరగబడి ఉంది. దాన్ని చూశాను, వెంటనే కళ్లు తిప్పుకున్నాను.

“లేవనీకి వస్తలేదు,” అంది ఆమె. ఆ గొంతు ఆమెది కాదన్నట్టు చిన్నగా ఉంది.

ఆటో అన్న ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరో పక్క సోడా కొట్టు నుంచి ఐసు తెచ్చారు. పోటీలు నడిపే పెద్దమనిషి చేతిలో జాబితాతో వచ్చి కాలు చూశాడు, అయ్యయ్యో అన్నాడు, ఆ వెంటనే గడియారం చూశాడు.

“నాలుగింటికి తెర లేవకపోతే మీ టీము పేరు కొట్టేస్తం సారూ. ఎనుక ఇంక మూడు టీములున్నయి.”

సారు తల పట్టుకున్నాడు. “ఇంక ఏం ఆడుతం? పోదాం పాండ్రి, ముందు దవాఖానకు పోదాం.”

“ఆగుండ్రి జర,” అంది టీచరక్క. పళ్లు బిగపట్టి, వేలు నా వైపు చూపింది. “గామె ఉన్నది గద. అన్ని మాటలు వస్తయి గామెకు.”

అందరూ నా వైపు తిరిగారు. రెండేళ్లుగా నేను లోపల్లోపల కోరుకున్నది అదే. అది ఎదురుగా వచ్చి నిలబడితే ఒక అడుగు వెనక్కి వేశాను.

“నాతోని కాదక్కా.”

“ఎందుకు కాదు? రెండేండ్ల సంది నాకు మాట అందిస్తున్నవ్. ఇయ్యాల నువ్వే అను. మొదటి సీను అయ్యేదాక నేను ఏడికి పోను. నీ కుర్చీల నేను కూసుంట.”

వేషం మార్చుకోవడానికి గంటకు మించి లేదు. ఆమె జాకెట్ నేను కుట్టిందే, కానీ ఆమె కొలతకు. నాకు అందులో ఇంకో మనిషి పట్టేంత వదులు. వేసుకుని చూసి, విప్పి, రెండు పక్కలా లోపలికి మడిచి కుట్టడం మొదలుపెట్టాను. రోజూ చేసే పనే. ఆ రోజు సూది మూడుసార్లు వేలికి గుచ్చుకుంది. టీచరక్క నా చీర చుట్టుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని, ఐసు గుడ్డ అదిమి పట్టుకుని నా ఎదురుగానే కూర్చుంది.

“సూది గట్ల గుచ్చుకుంటున్నవేంది?”

“భయమైతుందక్కా.”

“కానియ్యి. భయం ఉంటెనే మంచిది. ముంగట వరుస దిక్కు చూడకు. ఎనుక గోడకు ఫ్యాను ఉన్నది చూడు, దానితోని మాట్లాడు.” ఆమె ముఖం చెమటతో తడిసిపోయింది. నొప్పి అల వచ్చినప్పుడల్లా మాట ఆపి, అది పోయాక మళ్లీ అందుకునేది. “రెండో సీన్ల కొడుకు నోరు చేసినప్పుడు నువ్వు గొంతు చించుకొని ఒర్రకు. నేను ఒర్రుత, నీకు గది నప్పదు.”

పలక సంగతి అప్పుడే చెప్పేయాలనిపించింది. “అక్కా,” అన్నాను.

“ఏంది?”

“ఏం లేదు.” దారం పళ్లతో తెంపాను.

నాలుగింటికి తెర లేచింది. నేను ఫ్యాను వైపే చూశాను. మాటలన్నీ వచ్చాయి. ఒక్కటి తప్పలేదు. కానీ అవి నా నోట్లోంచి టీచరక్క గొంతుతో వస్తున్నాయి. ఆమె ఎక్కడ సాగదీస్తుందో అక్కడ సాగదీశాను, ఎక్కడ చెయ్యి ఊపుతుందో అక్కడ ఊపాను. హాల్లో కుర్చీలు కిర్రుమంటున్నాయి. ఎవరో ఫోను ఎత్తి బయటికి నడిచారు. ముందు రెండు వరుసల్లో చెరువు వైపు వాడకట్టు ఆడవాళ్లు కూర్చున్నారు, మా అమ్మ ఈడువాళ్లు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. వాళ్లు నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు. వాళ్ల ముఖాల్లో ఏమీ లేదు. పెళ్లి పందిట్లో తెలియని వాళ్ల తంతు చూస్తున్నట్టు చూస్తున్నారు.

మొదటి సీను అయి దీపాలు ఆరి, మళ్లీ వెలిగాయి. రెండో సీనులో కొడుకు వల మోసుకుని బయటికి పోబోతాడు. నేను అడ్డం నిలబడి, వల గుంజుకుని, గుండెకు హత్తుకుని మాట్లాడాలి. అక్కడిది పెద్ద మాట, దాదాపు అర పేజీ. వల గుంజుకున్నాను. నోరు తెరిచాను.

ఏమీ లేదు. మొదటి మాట కూడా లేదు.

తెర పక్కకు చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. కాగితాలు దాని మీద బోర్లా పడి ఉన్నాయి. మొదటి సీను కాగానే టీచరక్కను దవాఖానకు తీసుకుపోయారు. మాట అందించే మనిషిని నేనే. నేను ఇక్కడ, వెలుతుర్లో నిలబడి ఉన్నాను.

ఎంతసేపో తెలియదు. ఆటో అన్న తర్వాత చెప్పాడు, పది క్షణాలు కూడా కాలేదట. నాకు మాత్రం ఆ గోడ ఫ్యాను రెక్కల్ని ఒక్కొక్కటిగా చూసేంత సమయం దొరికింది. పలక ఊగడం కళ్ల ముందు కదిలింది. నీకు ఇట్లనే కావాలె అనుకున్నాను.

“ఏందమ్మా, మాట్లాడవేంది?” అన్నాడు ఆటో అన్న. అది నాటకంలో లేని మాట. అతని కళ్లు నన్ను బతిమాలుతున్నాయి.

కింద కూర్చుండిపోయాను. ఒళ్లో వల పడింది. అది మా వాడకట్టులోనే అడిగి తెచ్చిన పాత వల, చాలా చోట్ల చినిగి ఉంది. వల అల్లే వెదురు సూది దారంతో సహా ఒక కొసకు వేలాడుతోంది. చేతులు ఏం చేయాలో తెలియక ఒక చిరుగు వెతుక్కున్నాయి. ముడి వేశాను. ఇంకో ముడి వేశాను.

ముందు వరుసలోంచి ఒక ముసలమ్మ గట్టిగా అంది: “ఓ పిల్లా, గట్ల కాదు! ఎడమ చేత్తోని వట్టు, లేకుంటె ముడి జారుతది!”

హాలంతా ఘొల్లుమంది. నేను తలెత్తాను. ఆమె మా వీధి చివరి ఇంటామె. ఆమెను చూసే జవాబు చెప్పాను. అది ఆలోచించి అన్న మాట కాదు.

“నీ కండ్లు మంచిగనే ఉన్నయత్తా. నా చేతులే మరిచినయ్. చెరువుల నీళ్లు లేకపాయె, ముడి ఏడ యాదికుంటది?”

నవ్వులు ఆగిపోయాయి. ఆ ముసలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గందుకే అమ్ముదామంటున్ననమ్మా,” అన్నాడు ఆటో అన్న, నెమ్మదిగా. అది నాటకంలోని మాట. దాన్ని పట్టుకుని నేను ఒడ్డుకు వచ్చాను. ఆ అర పేజీ మొత్తం రాలేదు. వచ్చిన ముక్కల మధ్య ఖాళీల్లో మా అమ్మ అనే మాటలు పడ్డాయి. నేను అరవలేదు. ముడులు వేస్తూనే మాట్లాడాను. చివరికి కొడుకు వల కింద పెట్టి నా పక్కన కూర్చునేటప్పటికి, ఎవరో ముక్కు చీదడం వినబడింది.

తెర పడ్డాక చప్పట్లు చాలాసేపు మోగాయి. సారు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. “మంచిగ చేసినవ్ బిడ్డా. గని నేను రాసింది మాత్రం చెయ్యలే.” బహుమతి మాకు రాలేదు. రాసిన మాటలు దాటినందుకు మార్కులు తగ్గించారని తర్వాత తెలిసింది. సారు వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

ముఖానికి రంగు కూడా కడుక్కోకుండా ఆటోలో దవాఖానకు వెళ్లాను. ఎముక చిట్లిందట, పిండికట్టు వేస్తున్నారు. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదన్నారు. టీచరక్క నన్ను చూడగానే, “ఎట్లయింది?” అని అడిగింది. నేను ఎట్లయిందో చెప్పలేదు. ఆమె మంచం పక్కన నిలబడి, పొద్దున పలక ఊగడం చూశానని, చెప్పలేదని, ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను.

ఆమె కట్టు వేస్తున్న కాలు వైపు చూసింది.

“గంప మీద నేనన్న మాటకా?”

“అవ్ అక్కా.”

“పో,” అంది. కోపంగా అనలేదు. “ఇప్పుడైతే పో.”

ఆరు వారాలు ఆమె నా ఫోను ఎత్తలేదు. రెండుసార్లు ఇంటికి వెళితే పడుకుందని వాళ్లాయన చెప్పాడు. ఇక నాటకం మానేద్దామనుకున్నాను. సారుకు అదే మాట చెప్పాను కూడా. ఆయన, ముందు ఆమెను లేవనియ్యి, తర్వాత నీ ఇష్టం అన్నాడు.

ఒక మధ్యాహ్నం నేను లంగాకు నాడా ఎక్కిస్తుండగా షాపు ముందు ఆటో ఆగింది. చేతికర్రతో టీచరక్క దిగింది. నేను లేచి కుర్చీ వేశాను. ఆమె కూర్చుని, ఊపిరి తీసుకుని, షాపంతా ఒకసారి చూసింది.

“నువ్వు చేసింది నేను మరువ. గది మనసుల పెట్టుకో.”

“సరే అక్కా.”

“గని ఆ రోజు వీడియో చూసిన. ఆటో తమ్ముడు పంపిండు. నాలుగుసార్లు చూసిన.” చేతికర్ర గోడకు ఆనించింది. “వల కుట్టుడు నాకు నేర్పియ్యి. నాదర్‌గుల్‌ల ఆటున్నది వచ్చే నెల. నేనే చేస్త. గని నిలబడి చెయ్య, కూసొని చేస్త.”

పది మధ్యాహ్నాలు వచ్చింది. నేర్చుకునేటప్పుడు ఆమె మంచి విద్యార్థి కాదు, విసుక్కునేది, సూది విసిరేసేది. మా వీధి చివరి ముసలమ్మ ఒకరోజు వచ్చి కూర్చుని ఇద్దరినీ కలిపి తిట్టింది. నాదర్‌గుల్‌లో టీచరక్క ఆ సీను చేస్తుంటే నేను తెర పక్కన కాగితాలతో కూర్చున్నాను. ఆమె చేతులు ఇంకా నెమ్మదిగానే కదిలాయి, కానీ ఆ నెమ్మది ఆ తల్లికి సరిపోయింది. నాకు అసూయ కలిగిందా అంటే కలిగింది. మునుపటంత లేదు.

సారు ఇప్పుడు కొత్త నాటకం రాస్తున్నాడు. అందులో ఒకే ఇంట్లో ఉండి ఏళ్ల తరబడి మాట్లాడుకోని ఇద్దరు తోడికోడళ్లున్నారు. చదివి వినిపించిన రోజు పెద్ద కోడలి వేషం ఎవరిదో, చిన్న కోడలిది ఎవరిదో ఆయన చెప్పలేదు. టీచరక్క కాగితాలు తీసుకుని, సగం తన దగ్గర పెట్టుకుని, మిగతా సగం నా వైపు జరిపింది.