మబ్బుకి అద్దె ఇల్లు

అశోక్‌నగర్‌లో ఒక జిరాక్సు షాపు పైన నా గది. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు అక్కడ లెక్కలు, రీజనింగ్ చెబుతాను. నాకు డిగ్రీ పూర్తి కాలేదు. నాకొచ్చిన లెక్కలన్నీ కోఠిలో కొన్న పాత పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నవే. అందుకే ఏ లెక్కనైనా రెండు దారుల్లో చేసి చూస్తాను. రెండూ ఒకే చోటికి వస్తేనే నమ్ముతాను.

రీజనింగ్‌లో ఒక రకం ప్రశ్నలుంటాయి. రెండు వాక్యాలిస్తారు. అవి నిజమా కాదా అని అడగరు, నిజమనే అనుకోమంటారు. అన్ని పిల్లులూ కుర్చీలు. కొన్ని కుర్చీలు చెట్లు. అయితే కొన్ని పిల్లులు చెట్లవుతాయా? అవ్వాలని లేదు. హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలు ముఖంలో ఏ మార్పూ లేకుండా వలయాలు గీస్తారు. పెద్ద వలయంలో చిన్నది, పెద్దదాన్ని పక్కనుంచి కోసుకుంటూ ఇంకొకటి. జవాబు చెప్పేస్తారు. పదాల వైపు చూడొద్దని వాళ్లకు నేర్పింది నేనే. పిల్లిని చూస్తూ కూర్చుంటే టైం అయిపోతుంది.

ఈ ప్రశ్నలు చాలావరకు నేనే తయారు చేస్తాను. వాటిలో ఒకటి మాత్రం ప్రతి బ్యాచ్‌కీ ఇస్తాను. అన్ని మబ్బులూ కిరాయిదారులు. కొందరు కిరాయిదారులు గొడుగులు.

ఆ మబ్బు నాది కాదు. మా అక్కది.

చిన్నప్పుడు మేం చిక్కడపల్లిలో ఒక వాటాలో అద్దెకుండేవాళ్లం. దగ్గర్లోనే లైబ్రరీ. అక్క నాకంటే బాగా పెద్దది, నారాయణగూడలో కాలేజీకి వెళ్లేది. సాయంత్రాలు నన్ను లైబ్రరీకి తీసుకెళ్లి పిల్లల అలమార ముందు కూర్చోబెట్టేది. తలకిందుల లోకాల పుస్తకాలు, జంతువులు కచేరీ నడిపే కథలు, ఎక్కడెక్కడి దేశాలవో తెలుగులోకి వచ్చినవి అక్కడ ఉండేవి. అట్టలు ఊడిపోయి దారాలు బయటికొచ్చి ఉండేవి. చదివింది చాలక, ఇంటికి నడిచి వస్తూ అక్క తన సొంత కథ మొదలుపెట్టేది.

నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఏది చెప్పినా లెక్క అడిగేవాణ్ణి. ఏనుగు పోస్టు డబ్బాలో దూరితే తలుపు ఎటు తెరుచుకుంటుంది? చందమామను తాళ్లతో కట్టేస్తే ముడి ఎవరు వేశారు? వేరే ఎవరైనా విసుక్కునేవాళ్లు. అక్క మాత్రం నడక ఆపి ఆలోచించి చెప్పేది. ఆమెకి ఒక నియమం ఉండేది. "ఒక్క అబద్ధమేరా. మొదట్లో ఒక్కటి. అక్కణ్ణించి అంతా నిజమే ఉండాలి."

ఇప్పుడు ఆ పాత పిల్లల పుస్తకాలు ఎక్కడ దొరికినా తెచ్చుకుని చదువుతాను. మంచివన్నీ ఆ నియమం మీదే నిలబడి ఉన్నాయి. అర్థం లేని కథంటే ఇష్టమొచ్చినట్టు రాసింది కాదు. తలుపు ఒక్కటి తప్పుగా పెడతారు. లోపల గోడలన్నీ కొలత ప్రకారమే ఉంటాయి. నా రీజనింగ్ ప్రశ్న కూడా అంతే. మొదటి అబద్ధాన్ని ఒప్పుకుంటే చాలు, తర్వాత ఒక్క అడుగు కూడా తప్పకూడదు. తేడా ఏమిటంటే, పరీక్షలో జవాబు రాగానే పిల్లిని వదిలేస్తాం. అక్క కథలో జవాబు వచ్చాక పిల్లికి ఆకలేసేది.

మబ్బు కథ ఇలా ఉండేది. ట్యాంక్‌బండ్ వైపు నుంచి ఒక మబ్బు తిరిగి తిరిగి అలసిపోయి, చిక్కడపల్లిలో టులెట్ బోర్డు చూసి గేటు దగ్గర ఆగింది. ఇల్లుగలాయన బయటికొచ్చి, ఎంతమంది ఉంటారని అడిగాడు. "పొద్దున ఒక్కదాన్నే. సాయంత్రానికి ఎంతమందిమవుతామో నేను చెప్పలేను," అంది మబ్బు. ఆయన తల గోక్కుని, ఇంట్లో అడిగి చెబుతానని లోపలికి వెళ్లాడు.

ఇవ్వాళ ఇంతే అంది అక్క. మర్నాడు బ్యాంకు పరీక్ష పుస్తకాలు వచ్చాయి. కథ అడిగితే "పరీక్ష అయిపోనీరా, చెబుతాను" అంది. పరీక్ష అయింది. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, బదిలీలు, పిల్లలు. నేనూ మళ్లీ అడగలేదు. మొదట్లో ఆమెకి తీరిక లేదని, తర్వాత నాకు వయసొచ్చిందని. మబ్బు మాత్రం నా లోపల ఆ గేటు దగ్గరే ఉండిపోయింది. ఇంటాయన ఏమన్నాడో తెలుసుకోవాలని ఈ వయసులో కూడా ఉంటుందంటే ఎవరికి చెప్పుకుంటాం? అందుకే ప్రశ్నలో పెట్టాను. ఎవరైనా ఆగి దాని వైపు చూస్తారేమోనని.

ఎన్నో బ్యాచ్‌లు వలయాలు గీసి వెళ్లిపోయాయి. పోయినేడు వచ్చిన బ్యాచ్‌లో, ఆ ప్రశ్న బోర్డు మీద రాసి నేనిటు తిరిగేసరికి, చివరి బెంచీలో ఒకమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆమెది జనగామ అవతల ఒక పల్లెటూరు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు సార్."

"దానికి మబ్బు కనవడ్డదంట సార్," అంది పక్కనున్న స్నేహితురాలు.

"ఎక్కడ?"

"గేటుకాడ సార్," అందా అమ్మాయి లేచి నిలబడి. "సామాన్లు వట్టుకొని నిలవడ్డది. నీళ్ల బిల్లు ఎవరు గడతరని ఓనరు అడుగుతుండు. అది ఇంకింత పరేషాన్ అయితుంది."

క్లాసంతా నవ్వింది. నేను డస్టర్ తీసి, ప్రశ్న పక్కన ఏమీ రాయని చోట బోర్డు చెరిపాను. అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్లు ఎవరైనా ముందు గేటు దగ్గరే నిలబడతారు, అందులో వింత ఏమీ లేదు. అది నాకు తెలుసు. అయినా ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు.

ఆ అమ్మాయికి రీజనింగ్‌లోనే మార్కులు తగ్గుతున్నాయి. ఇంట్లోవాళ్లు ఇదే ఆఖరిసారి అని పంపారట. ఒకరోజు క్లాసయ్యాక వచ్చి నిలబడింది.

"నాకు సర్కిల్ కనవడది సార్. పిల్లే కనవడ్తది. అది కుర్చీ ఎట్లయింది, దాని మీద కూసుంటే అరుస్తదా అని జూస్త. అంతల టైం అయిపోతది."

నాకు ఏం చేయాలో తెలుసు. పదం కనిపించగానే దాని మీద గీత కొట్టి అక్షరం రాయమన్నాను. మబ్బు కాదు, క. కిరాయిదారు కాదు, ఖ. రోజూ కొన్ని ప్రశ్నలు ప్రత్యేకంగా ఇచ్చి దగ్గర కూర్చుని చేయించాను. మొదట్లో గీత సన్నగా కొట్టేది, కింద పదం కనిపించేట్టు. పోనుపోను పెన్ను గట్టిగా నొక్కడం నేర్చుకుంది.

పరీక్షకు ముందు పెట్టిన చివరి టెస్టులో మబ్బు ప్రశ్న మళ్లీ ఇచ్చాను. ఆమె అందరికంటే ముందు పేపరిచ్చింది. అన్నీ రైటే. మబ్బు మీద నల్లటి గీత, పైన క. సంతోషించాల్సిన విషయమే, సంతోషించాను కూడా. కానీ ఆమె మెట్లు దిగుతుంటే ఆపి అడిగాను.

"ఇంతకీ ఆ నీళ్ల బిల్లు సంగతి ఏమైందమ్మా?"

ఆమెకి గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది.

"అదా సార్," అని నవ్వింది. "జర పరీక్ష అయిపోనీయుండ్రి, చెప్త."

సరైన మాటే. నన్నడిగితే నేనూ అదే చెప్పమంటాను. పరీక్ష అయ్యాక హాస్టల్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిందని ఆమె స్నేహితురాలు చెప్పింది. చాలామంది అలాగే వెళతారు.

ఆ ఆదివారం నారాయణగూడలో బస్సెక్కి అంబర్‌పేట్‌లో అక్క దగ్గరికి వెళ్లాను. రిటైరయ్యాక అక్కడ ఉంటోంది. మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతూ కూర్చుని, నా షుగర్ గురించి, లిఫ్టు బాగు చేయించని అసోసియేషన్ గురించి మాట్లాడింది. టీ తాగాను. బయల్దేరి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడిగేశాను.

"అక్కా, ఆ మబ్బుకి ఇల్లు ఇచ్చారా?"

"ఏ మబ్బు?"

గుర్తు లేదు. నటించడం లేదు, నిజంగానే లేదు. చేతిలో దిండు గలీబుతో నా వెంట గుమ్మం దాకా వచ్చి అలాగే చూస్తోంది. నేను మొదట్నించీ చెప్పాను. ట్యాంక్‌బండ్, టులెట్ బోర్డు, పొద్దున ఒక్కదాన్నే అన్న మాట, ఇంట్లో అడిగి చెబుతానని లోపలికి వెళ్లినాయన. చెబుతున్నంతసేపూ ఆమె మడత ముందుకు సాగలేదు.

"తర్వాత?" అంది.

"తెలీదు."

"తెలీదేంట్రా? ఇంతదాకా చెప్పి గేటు దగ్గర నిలబెట్టేస్తావా?"

నేను చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

"నీళ్ల బిల్లు ఎవరు కట్టాలో ముందు తేలాలిట," అన్నాను.

అక్క గలీబు పక్కన పెట్టి ఆలోచించసాగింది.