కుంటిదాని ఎర్ర తోక

ఒబ్దూలియా ముప్పైయొక్క ఏళ్ళుగా మా ఊరి మ్యూజియంలో సీసాలు తుడుస్తోంది. సముద్రపు గాలికి అద్దాల మీద ఉప్పు పేరుకుంటుంది కదా, ఇవాళ తుడిస్తే ఎల్లుండికి మళ్ళీ మామూలే. నాలుగో అరలో మందునీళ్ళలో మునిగిన బుల్లి బల్లులుంటాయి. చిటికెనవేలంత కూడా ఉండవు. ఒక సీసాలో నల్ల చారలు, ఎర్ర తోక ఉన్నవి. పక్క సీసాలో గోధుమరంగు ఒంటినిండా తెల్ల చుక్కలున్నవి. చారలవి ఒక జాతి, చుక్కలవి ఇంకో జాతి అని ఆమె తనంతట తానే తేల్చేసుకుంది. సీసా మీది చీటీ ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

కూతురు యనిస్లేయ్ అలా కాదు. బడి వదలగానే వచ్చి, మ్యూజియంలో బల్లుల సంగతి చూసే ఎవేలియో మాష్టారి భూతద్దం లాక్కుని ఆ బల్లుల ముందే కూర్చునేది. కొబ్బరిపీచు కింద దొరికిన ఎర్రతోక పిల్లనొకదాన్ని ఇంటికి తెచ్చి గాజు జాడీలో వేసుకుంది. దానికి కుంటిదని పేరు. అది గంతులేస్తుంటే కుంటిదేమిటో ఒబ్దూలియాకి అర్థం కాలేదు, అడగనూ లేదు. ఆ వారమే పిల్లకి జ్వరం తగులుకుంది. ఆసుపత్రికి బయల్దేరుతూ, "అమ్మా, కుంటిదాన్ని చంపెయ్యకు. తిండి పెట్టు," అంది. పదిహేడేళ్ళ పిల్ల మళ్ళీ ఇంటికి రాలేదు.

ఊరంతా వచ్చి ఏడ్చి వెళ్ళింది. ఒబ్దూలియా అందరికీ కాఫీ ఇచ్చి, కప్పులు కడిగి బోర్లించింది. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. పొద్దున్నే పాత తలుపు చెక్క గీకి నాలుగు చెదపురుగులు మూత కన్నంలోంచి జాడీలోకి రాల్చేది, రెండు చుక్కల నీళ్ళు చల్లేది, పనికి పోయేది. అది దాక్కోవడానికి పిల్ల వేసిన బెరడు ముక్క కింద ఏముందో వంగి చూసింది లేదు. చేతులు పని చేసేవి, అంతే. మనిషి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

జాడీ కంపు కొడుతోందని ఒకనాడు పక్కింటి సొరాయిదా దాన్ని కడిగి పెట్టింది. మర్నాడు పొద్దున్న బెరడు పక్కకి జరిగి ఉంది. లోపల చుక్కల బల్లి! చారలు లేవు, ఎర్ర తోక లేదు.

"సొరాయిదా! బయటికి రావే!"

"ఏంటి వదినా, కొంప అంటుకున్నట్టు ఆ అరుపులు?"

"నా పిల్ల బల్లిని ఏం చేశావు? దాన్ని పోగొట్టేసి, గోడ మీద ఇంకోదాన్ని పట్టి వేశావు. నాకు తెలీదనుకున్నావా? ముప్పైయొక్కేళ్ళు తుడిచాను వాటిని!"

"నీకేమైనా పిచ్చా? ఉన్నదాన్నే తీశాను, ఉన్నదాన్నే వేశాను. నా మోకాళ్ళు చూసే మాట్లాడుతున్నావా? ఈ కాళ్ళతో నేను బల్లుల వెంట పరిగెత్తానా!"

"నోరుముయ్, అబద్ధాలకోరుదానా!"

వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. పిల్ల పోయాక ఒబ్దూలియా గొంతు అంత గట్టిగా వినడం వాళ్ళకి అదే మొదలు. ఆమె జాడీ చంకలో పెట్టుకుని తిన్నగా మ్యూజియంకి నడిచింది. ఇది కుంటిది కాకపోతే, పిల్ల అడిగిన ఒక్క పనీ చెయ్యలేకపోయినట్టే. దారంతా అదే తిరిగింది బుర్రలో.

ఎవేలియో మాష్టారు బల్లిని అద్దపు పళ్ళెంలోకి దింపి భూతద్దం పట్టాడు. "చుక్కలు చూసి ఏమీ చెప్పలేం. చుక్కలున్నవి మన తీరాన మూడు రకాలు. పొలుసులు చూడాలి. మిగతా రెండింటికీ వీపు మీద పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. దీనికి..." చాలాసేపు చూశాడు. "దీనికి రవ్వలా సన్నగా ఉన్నాయి. ఎర్రతోక జాతే."

"తోక ఎర్రగా లేదుగా!"

"పిల్లప్పుడే చారలూ ఎర్ర తోకా. పెద్దయ్యాక ఇలా చుక్కలు. ఆ రెండు సీసాల మీదా ఉన్నది ఒకటే పేరు, ఒబ్దూలియా."

ఆమె అర వైపు చూడలేదు. "జాతి అదే అయితే మాత్రం? గోడ మీద అలాంటివి వంద. ఇది మా కుంటిదేనని ఏంటి నమ్మకం?"

ఆయన మళ్ళీ వంగాడు. "వెనక ఎడమ కాలికి ఒక వేలు సగమే ఉంది. పాత దెబ్బ. తోక తెగితే మొలుస్తుంది గానీ వేలు మొలవదు. నీకు తెలుసా ఈ సంగతి?"

తెలియదు. పేరు మాత్రం తెలుసు. కుంటిది, కుంటిది అని రెండుసార్లు మెల్లగా అనుకుంది.

"ఎప్పుడు మారింది మాష్టారూ?"

"ఒక్కరోజులో మారదు. నెలలు పడుతుంది, కొంచెం కొంచెంగా."

"రోజూ తిండి పెట్టాను," అందామె. ఆయన బల్లిని జాగ్రత్తగా జాడీలోకి వదిలి మూత బిగించాడు.

"యనిస్లేయ్‌కి ఇదంతా తెలుసు," అన్నాడు. "నేనే చెప్పాను. 'మా అమ్మకి చెప్పకండి మాష్టారూ. ఒకరోజు పొద్దున్నే చూసి గావుకేక పెడుతుంది. ఆ తమాషా నేను చూడాలి' అంది."

ఒబ్దూలియా జాడీని ఒళ్ళో పెట్టుకుంది. చుక్కల బల్లి అద్దానికి అంటుకుని ఆమె వైపే చూస్తోంది.

"పెట్టాను," అంది.

"ఏంటది?"

"కేక. వీధి వీధంతా వినబడేలా పెట్టాను మాష్టారూ."