కాఫీపొడి రంగు తలుపులు

సత్తెనపల్లిలో మా వంటగదికి అరలుండేవి కానీ తలుపులుండేవి కావు. మా మామగారు ఇల్లు కట్టినప్పుడు గోడ పొడవునా సిమెంటు పలకలు వేయించి, వంటకు కడపరాయి గట్టు కట్టించి వదిలేశారు. ఆ కాలానికి అదే గొప్ప. మా వీధి వెనక జిన్నింగు మిల్లు, దాని పక్కన మిరపకాయలు ఆరబోసే కళ్లం ఉండేవి. పత్తి వచ్చే రోజుల్లో దూది నూగు, మిర్చి వచ్చే రోజుల్లో ఎర్రటి ఘాటు దుమ్ము కిటికీలోంచి నేరుగా మా గిన్నెల మీదికి వచ్చేవి. రాత్రి కడిగి బోర్లించిన గ్లాసుల మీద తెల్లారేసరికి సన్నటి పొర పేరుకునేది. నేను వాటిని మళ్లీ కడిగి, వంట ముగించి, పక్కూరి బడికి బస్సెక్కేదాన్ని. ఆ బడిలో తెలుగు చెప్పేదాన్ని.

ఆ ఇంటికి కాపురానికి వచ్చిన ఏడాదే అరలకు తలుపులు పెట్టిద్దామని అడిగాను. మా ఆయనకు ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. "సీజన్ అవనీ" అన్నారు. అలా ఎనిమిది సీజన్లు అయ్యాయి. తొమ్మిదో ఏడు, నేను అడగకుండానే, అన్నం తింటూ అన్నారు.

"రేపు మేస్త్రీ వస్తాడు. ఉన్న అరలకే తలుపులు. సన్‌మైకా అవీ ఇవీ వద్దు, మామూలు ప్లైవుడ్డు, పెయింటు. రంగు, పిడులు నీ ఇష్టం."

ఆఖరి మాట నాకు చాలాసేపు చెవిలో ఉండిపోయింది. ఆ ఇంట్లో గోడలకు నేను రాకముందు వేసిన రంగే ఉంది. కర్టెన్లు ఆడపడుచు కొన్నవి. చివరికి నా స్కూలు బ్యాగు కూడా మా ఆయన కొట్టుకు కంపెనీవాళ్లిచ్చిన సంచే. ఏదైనా ఒకదాని రంగు నన్ను చెప్పమనడం అదే మొదలు.

పెయింటు కొట్టులో షేడ్ కార్డు అడిగి తెచ్చుకున్నాను. వారం రోజులు అది నా పాఠాల డైరీలో ఉంది. మా వంటగదికి ఒకటే కిటికీ, అదీ తూర్పుకి. పదింటి తర్వాత లోపల మసకగా ఉంటుంది. అందుకని కార్డును పొద్దున ఒకసారి, బడినుంచి వచ్చాక ఒకసారి గోడకు ఆనించి చూసేదాన్ని. లేతాకుపచ్చ పొద్దున బాగుండి సాయంత్రానికి పాచిపట్టినట్టు కనపడింది. నీలం మరీ ఆస్పత్రిలా ఉంది. చివరికి మీగడ రంగు దగ్గర ఆగాను. సాయంత్రం ఆరింటికి కూడా అది గదిలో వెలుతురుగానే ఉంది.

మేస్త్రీ ముస్లిం. మా పక్క వీధిలోనే ఉంటాడు, తాత కాలంనుంచీ వాళ్లది వడ్రంగమే. ఆదివారం నాడు నేనూ, అతనూ గుంటూరు వెళ్లాం, పిడులు, బందులు కొనడానికి. కొట్టులో అద్దాల అల్మరా నిండా పిడులే. పువ్వుల పిడులు, బంగారు రంగువి, చేపల్లా వంకర తిరిగినవి. నేను ఒక సన్నటి ఇత్తడి పిడి పట్టుకుని చూస్తుంటే మేస్త్రీ కొట్టతన్ని మంచినీళ్లు అడిగాడు. గ్లాసు నా ముందు పెట్టాడు.

"చెయ్యి తడుపుకొని పట్టుకోండి టీచరుగారూ. వంటింట్లో పొడిచేత్తో ఎవరు పట్టుకుంటారు?"

తడిచేత్తో పట్టుకుంటే ఇత్తడిది జారింది. పువ్వులవి వేళ్లకు గుచ్చుకున్నాయి. పొడుగ్గా, నాలుగు వేళ్లూ దూరేంత ఖాళీ ఉన్న స్టీలు పిడి జారలేదు. అవే తీసుకున్నాం. బందుల దగ్గర నేను వెనకాడాను. అన్ని తలుపులకూ మంచివి కొనడానికి డబ్బు సరిపోదు.

"కింద బియ్యం డబ్బా ఉండే అరకీ, దాని పక్కదానికీ గట్టివి వేద్దామమ్మా" అన్నాడు. "పైవాటికి మామూలువి చాలు. రంగెంత బాగున్నా బందు మంచిది కాకపోతే ఆర్నెల్లలో తలుపు వంగిపోద్ది."

తిరుగు బస్సులో పిడుల పొట్లం ఒళ్లో పెట్టుకున్నాను. పిల్లలా మాటిమాటికీ విప్పి చూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే బస్సులోని ఆ ఆడమనిషి మీద నాకు జాలీ, కోపమూ రెండూ వస్తాయి.

గురువారం బడినుంచి వచ్చేసరికి గేటు దగ్గరే పెయింటు వాసన. వాకిట్లో చీరాలనుంచి వచ్చిన మా పెద్దాడపడుచు చెప్పులున్నాయి. వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. పై వరస తలుపులన్నిటికీ రంగు అయిపోయింది. కాఫీపొడి రంగు. కింది వరసకు మేస్త్రీ కుంచె వేస్తున్నాడు. నన్ను చూసి కుంచె డబ్బాలో పెట్టి లేచి నిలబడ్డాడు. ఆరిన తలుపులకు అప్పుడే ముదురు గోధుమరంగు ప్లాస్టిక్ పిడులు బిగించి ఉన్నాయి.

"వచ్చావా" అంది వదిన గుమ్మంలోంచి. "సరిగ్గా టైముకి వచ్చాను. మీగడ రంగంటే మూణ్నాళ్ల ముచ్చట తల్లీ. నూనె చేతులు, పసుపు చేతులు పడితే చూళ్లేం. ఇదైతే ఎన్ని మరకలు పడ్డా కనపడదు. ఆ స్టీలు పిడులు నలుగురూ పట్టుకుంటే వేలిముద్రలు. మార్పించేశా."

"నాకు ఫోనన్నా చెయ్యకపోయారా వదినగారూ, బళ్లో ఫోనుందిగా" అన్నాను.

"రంగుకోసం పాఠం ఆపించి పిలవమంటావా?"

మా ఆయన రాత్రి కొట్టు కట్టేసి వచ్చాక అడిగాను. ఆయన తలుపు ఒకటి తీసి, వేసి చూశారు.

"అక్క చెప్పింది, సరే అన్నాను. తలుపులు కావాలన్నావు, వచ్చాయిగా. రంగులో ఏముంది?"

మా అత్తగారు వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు. కూతురి పక్షమే కదా, ఇంకేమంటుంది అనుకున్నాను. ఆ రాత్రి కొత్త తలుపుల మధ్య నిలబడి అందరికీ వండి వడ్డించాను. వదినకు పప్పులో ఉప్పు తక్కువైంది.

తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ మా ఆయన వంటగది చూపించేవారు. "అంతా మా ఆవిడ సెలక్షనే" అనేవారు, నన్ను సంతోషపెడుతున్నాననుకుని. నేను కాదనలేదు. నలుగురిలో కాదంటే గయ్యాళినవుతాను. మరకలు కనపడవన్న మాట మాత్రం నిజమే. అసలు ఏమీ కనపడేది కాదు. పట్టపగలు లైటు వేసుకోవాల్సి వచ్చేది. కరెంటు పోతే తడుముకోవడమే.

అలా నాలుగైదేళ్లు గడిచాయి. అత్తగారికి షుగరు. ఒక కన్ను ముందే మసకబారింది. రెండోదానికి గుంటూరులో చూపిస్తే, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అని డాక్టరు చెప్పాడు. అయినా మధ్యాహ్నం వంట ఆవిడే చేసేది. నేను బళ్లో ఉండేదాన్ని, మా ఆయన ఒంటిగంటకు భోజనానికి వచ్చేవారు. ఒక సాయంత్రం నేను టీ పెడుతుంటే వెనకనుంచి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మాయ్, ఆ పిడులు నాకు కనపట్టంలేదు. తలుపూ నలుపే, పిడీ నలుపే. తెల్లటివేవన్నా వేయించకూడదూ."

నాకు ఆ క్షణం బాగా గుర్తుంది. టీ పొంగడానికి వస్తోంది. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట నోటిదాకా వచ్చింది. దాన్ని ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"పెట్టించింది మీ అమ్మాయేగా అత్తయ్యగారూ. ఆవిణ్ణే అడగండి."

ఆవిడ గోడ పట్టుకునే వెనక్కి వెళ్లిపోయింది. నేను టీ వడగట్టుకుని తాగాను. ఆ టీ రుచిగా ఉందని ఒప్పుకోకపోతే ఇదంతా రాయడం దండగ.

మళ్లీ ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. వారం తర్వాత బడినుంచి వచ్చి చూస్తే ప్రతి పిడికీ ఒక తెల్లటి గుడ్డపీలిక కట్టి ఉంది. మామగారి పాత పంచె చింపి కట్టింది. ఉప్పు ఉండే అరకు ఒక ముడి, పప్పులకు రెండు, కారానికి మూడు. నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. మేస్త్రీ పక్క వీధిలోనే ఉన్నాడు. ఒక్క మాట చెబితే గంటలో అయిపోయే పని. రోజూ బస్సుకు వెళ్తూ వాళ్లింటి ముందునుంచే నడిచేదాన్ని.

మిర్చి కోతల రోజుల్లో వదిన వచ్చింది. వాళ్ల వియ్యాలవారిని వెంటబెట్టుకుని అమరావతి వెళ్లి, గుడి చూపించి, తిరిగి వెళ్తూ మా ఇంట్లో భోజనానికి ఆగారు. వాళ్లు చేతులు కడుక్కుంటుంటే వదిన వంటింట్లోకి వచ్చింది.

"ఏంటీ పేలికలు? చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అంటూ చకచకా విప్పేసింది. నేను వడియాలు వేయిస్తున్నాను. 'అవి మీ అమ్మ కళ్లు' అని చెప్పచ్చు. చెప్పలేదు. ఈవిడ చేసింది ఈవిడే అనుభవించాలి అనుకున్నాను. అనుభవించేది ఆవిడ కాదు, అత్తగారని నాకు తెలుసు.

మర్నాడు సాయంత్రం నేను వచ్చేసరికి అత్తగారు పెరట్లో కుళాయి పక్కన పీట మీద కూర్చుని ఉంది. తడి తువాలు మొహానికి అదుముకుని ఉంది. పక్కింటావిడ చెంబుతో నీళ్లు పోస్తోంది. అంతకు కాసేపటి ముందే, రాత్రికి పప్పు తీసి ఉంచుదామని వెళ్లి, పప్పుల అర అనుకుని కారం అర తీసిందట. చెయ్యి తగిలి పెద్ద డబ్బా మీద పడింది, మూత ఊడింది. మా ఊరి కొత్త కారం అది. మామూలు కళ్లకే మంట తగ్గడానికి ఒక రోజు పడుతుంది. పక్కింటావిడకు కేక వినపడలేదట. గోడ మీదనుంచి యథాలాపంగా చూస్తే ఈవిడ నేల మీద పాకుతూ కుళాయికోసం వెతుక్కుంటోందట.

"ఏంలేదమ్మాయ్" అంది నా అలికిడి విని. "కారం డబ్బా."

ఆస్పత్రికి తీసుకెళ్లాం. మంట తగ్గింది. ఉన్న ఆ కాస్త చూపు మాత్రం ఇంకొంచెం తగ్గిందో, లేక ఆవిడకే భయం పెరిగిందో, మాకు తెలియలేదు.

ఆ ఆదివారం మేస్త్రీని పిలిచాను. అప్పుడు గుంటూరులో కొన్నలాంటి స్టీలు పిడులే తెచ్చాడు. ప్లాస్టిక్‌వి ఊడదీస్తూ, తలుపులోంచి వరండా వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"అప్పుడే ఇవి వేసుంటే బాగుండేదమ్మా. పెద్దమ్మగారు చెప్పారు కూడాను."

"ఏం చెప్పారు?"

"మీకు తెలీదా? రంగు మార్చమన్నప్పుడు పెద్దమ్మగారు అడ్డంపడ్డారు. 'రంగు నీ ఇష్టమని మావాడు కోడలికి మాటిచ్చాడు, సాయంత్రం అది వచ్చేదాకా కుంచె ముట్టుకోబాక' అన్నారు నాతో. నేను ఆపాను. ఆళ్లమ్మాయిగారు సార్‌కి ఫోను చేశారు, సార్ వేసెయ్యమన్నారు. ఇంక నేనేం చేసేది?"

నా చేతిలో మరలు ఉన్నాయి. అవి అతనికి ఒక్కొక్కటే అందిస్తూ ఉండిపోయాను. ఆ ఇంట్లో నా పక్షాన నోరు విప్పినది ఒకే ఒక్క మనిషి. నేను ఇన్నేళ్లూ దాచుకుని దాచుకుని విసిరిన మాట ఆ మనిషికే తగిలింది.

మేస్త్రీ వెళ్లాక ఆవిడ దగ్గర కూర్చున్నాను.

"ఆ రోజు మీరు వద్దన్నారని నాకెందుకు చెప్పలేదు అత్తయ్యగారూ?"

ఆవిడ కాళ్లు ముడుచుకుని గోడకు జరిగింది.

"చెబితే ఏమొస్తది? నా కూతురు వినలా, నా కొడుకు వినలా. నా మాట నా ఇంట్లో చెల్లలేదని కోడలికి చెప్పుకోటానికి సిగ్గేసింది."

నేను ఆ టీ రోజు సంగతి ఎత్తాలనుకున్నాను. తప్పు నాదని చెప్పాలనుకున్నాను. ఆవిడ కూడా దానికోసమే ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. కానీ దాని బదులు, "రండి, పిడులు మార్పించాం, చూద్దురుగాని" అని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లాను. ఒక పిడి మీద ఆవిడ చెయ్యి ఆనించాను. నాలుగు వేళ్లూ దూర్చి పట్టుకుంది.

"బాగుంది. చల్లగా ఉంది" అంది. తలుపు మాత్రం తియ్యలేదు. చెయ్యి వదిలేసి, వచ్చిన దారినే తడుముకుంటూ వరండాలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆవిడ మళ్లీ వంటింటి గడప తొక్కలేదు. మంచినీళ్లు కావాలన్నా గుమ్మం బయటే నిలబడి అడిగేది. తెల్లవారుజామున లేచి రెండు పూటలకూ నేనే వండి, ఆవిడది వరండాలో బల్ల మీద మూతపెట్టి బడికి వెళ్లేదాన్ని. సాయంత్రం వచ్చి పళ్లెం తీస్తూ, ఉప్పూ కారం సరిపోయాయా అని అడిగేదాన్ని. సరిపోయాయి అనేది. ఆవిడ బతికున్న మిగతా రెండేళ్లూ ఏ రోజు అడిగినా అదే మాట.