చప్పుడు వచ్చే దిక్కు

ఆ రాత్రి మోటారు షెడ్డులో ముగ్గురం ఉన్నాం: నేను, మా మావయ్య, ఊళ్లో రెండు తరాలకు లెక్కలు చెప్పి రిటైరైన మేస్టారు. గుమ్మంలో మేస్టారి కుక్క. వస్తువులు: జానెడు పొడవున్న రేడియో, దాన్ని పెట్టి తిప్పడానికి గుండ్రటి పీట, దిక్సూచి, మూడు ఇయర్‌ఫోన్లు, మూడింటినీ ఒకే రేడియోకి కలిపే డబ్బా, రెండు టార్చిలైట్లు, టీ ఫ్లాస్కు, చేతి గడియారం, నా నోటుబుక్కు. మెయిన్ స్విచ్ ఆపేసి ఉంది. ఫోన్లు ఇంట్లోనే వదిలి వచ్చాం. ఎల్‌ఈడీ బల్బు, చార్జరు, ఫోను, ఏది దగ్గరున్నా రేడియోలో బరబరలాడుతుంది. చోడవరంలో మా మేడ మీద కూర్చుంటే ఈ బరబర తప్ప ఏమీ వినపడదు. అందుకే చెరకు తోటల మధ్యనున్న మావయ్య షెడ్డుకు వచ్చేవాళ్లం.

మేం చేసే పని చెప్పుకుంటే పిచ్చిగానే ఉంటుంది. మీడియం వేవ్ స్టేషన్లు పగలు వంద, రెండు వందల కిలోమీటర్లు దాటవు. చీకటి పడ్డాక ఆ తరంగాలు ఆకాశపు పై పొరకు తగిలి వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. ఆ దిగినదాన్ని పట్టుకోవాలి. ఏ దేశమో తేల్చుకోవాలి. సమయం, ఫ్రీక్వెన్సీ, విన్న మాటలు పుస్తకంలో రాయాలి. స్టేషన్ తన పేరు చెప్పుకొనేది గంట మారేటప్పుడు. చాలా దేశాల గడియారాలకూ మనకూ అరగంట తేడా కాబట్టి మనకు తొమ్మిదిన్నర అయినప్పుడు అక్కడ గంట కొడుతుంది. మేస్టారు ఆ తొమ్మిదిన్నర కోసం వచ్చేవారు. అది విని, తొమ్మిది నలభైకి లేచి, చెరకు గట్టు మీదుగా అవతలి రోడ్డు వారనున్న ఇంటికి నడిచి వెళ్లేవారు. కుక్క ముందు, ఆయన వెనక. నాలుగేళ్లలో ఆయన లెక్క పంతొమ్మిది దేశాలు. ఇరవయ్యోది దొరకడం లేదు.

నాకు రెండు ఉద్యోగాల మధ్య పంతొమ్మిది రోజుల ఖాళీ వచ్చింది. విశాఖలో ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూసే పని వదిలి, ఇంకో దానిలో చేరాలి. ఆ రోజులన్నీ షెడ్డులోనే. వాటిలో ఆరో రోజు నుంచి ఒక కొత్త చప్పుడు మొదలైంది. వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపట, దాని అడుగున సన్నని గురగుర. బ్యాండంతా అదే.

అదేమిటో మాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్పేస్తాను. పక్క చెరకు తోట కౌలుకు తీసుకున్న రైతు అడవి పందుల కోసం గట్టు పొడవునా మోకాలి ఎత్తున బైండింగు తీగ కట్టి, స్తంభం మీది లైనుకు కొక్కెం తగిలించేవాడు. తడి చెరకు ఆకు తీగకు తగిలిన చోటల్లా నిప్పురవ్వ. ప్రతి రవ్వా మా రేడియోలో ఒక చిటుకు. రాత్రి కట్టి తెల్లారకముందే చుట్టేసేవాడు కాబట్టి పగలు ఎవరికీ కనపడలేదు. అది మేస్టారు నడిచే గట్టే.

మాకు తెలిసినదల్లా అది మా స్టేషన్లను మింగేస్తోందని. దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రేడియో లోపలి ఏరియల్‌కు రెండు చెవిటి దిక్కులుంటాయి. పీట మీద రేడియోను మెల్లగా తిప్పుతూ పోతే ఒక కోణంలో చప్పుడు మాయమవుతుంది. దాన్ని నల్ అంటాం. నల్ దొరికిందంటే చప్పుడు ఏ గీత మీద ఉందో కూడా దొరికినట్టే. మొదటి రాత్రే దొరికింది. దిక్సూచి పెట్టి చూశాను. రెండు వందల తొంభై డిగ్రీలు, పడమరకు కొంచెం ఉత్తరంగా.

మరుసటి పగలు మ్యాపు పరిచి షెడ్డు దగ్గర చుక్క పెట్టి స్కేలుతో గీత గీశాను. గీత చీడికాడ వైపు కొండల్లోకి పోయింది.

"కొండల్లో పెద్ద లైనుంది గదా అల్లుడా, మంచుకి పింగాణీ బుడ్ల మీంచి కరెంటు కారతన్నట్టుంది," అన్నాడు మావయ్య.

అదే నిజమనుకున్నాను. పుస్తకంలో 'చీడికాడ కొండలు, సుమారు ఇరవై కిలోమీటర్లు' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. రోజూ రెండు మూడు వేల కిలోమీటర్లు వినేవాళ్లకు ఇరవై అంటే పక్కిల్లే. దిక్కు తెలిస్తే దూరం తెలిసినట్టు కాదు. దూరం కావాలంటే ఇంకో చోటికి నడిచి ఇంకో గీత గీయాలి, రెండు గీతలు కలిసిన చోటు చూడాలి. ఇది డిప్లొమా రెండో ఏడాది పాఠం. నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ చప్పుడును మాయం చేయడం చేతనైనవాడు దాని వెంట నడవడు. పీట తిప్పితే పోయేదానికి బురదలో దిగడం ఎందుకు?

చప్పుడు మొదలయ్యే సమయం మాత్రం రోజూ రాశాను, దూరం గడిలో రోజూ అదే ఇరవై. మొదటి రాత్రి పదకొండూ పది. రెండో రాత్రీ అంతే. తర్వాత పది యాభై ఐదు, పది యాభై, మళ్లీ పది యాభై. పది ముప్పై ఐదు. రెండు రాత్రులు పదీ ఇరవై. పదీ ఐదు. పదో రాత్రి తొమ్మిది యాభై ఐదు.

మంచు ముందుగా కురవడం వల్ల అని పక్కన రాసుకున్నాను. ఆ పదో రాత్రి, చప్పుడు ఇంకా రాకముందే, అప్పటిదాకా రాసినవి మేస్టారికి చూపిస్తే కళ్లజోడు పైకి తోసి చదివారు.

"ముందుకొస్తంది రోజూ. నేనెల్లే టైముకొచ్చీసింది."

"మీకు టాటా సెప్పడానికొస్తందేమో మేస్టారూ," అన్నాడు మావయ్య.

"నోర్ముయ్‌రా. ఏడో ఎక్కం ఇప్పటికీ రాదు నీకు, జోకులు మాత్రం వస్తాయి."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన తొమ్మిది నలభై రెండుకు వెళ్లారు. పదమూడు నిమిషాల తర్వాత చిటపట మొదలైంది. ఆ పదమూడు కూడా నేనే తీసివేసి రాశాను.

పదకొండో రాత్రి అది తొమ్మిదీ పన్నెండుకే వచ్చింది. ఎప్పుడూ లేనంత గట్టిగా. మేస్టారు ఆ రాత్రి ఒక ఫ్రీక్వెన్సీ మీద కూర్చున్నారు. చప్పుడు అడుగున ఎక్కడో ఒక మగ గొంతు, ఫార్సీలా ఉంది, ఫార్సీ కాదు.

"నల్ సెయ్యి బాబూ, తొందరగా," అన్నారు.

పీట తిప్పాను. రెండు వందల తొంభై. చిటపట సగం తగ్గింది కానీ ఈసారి పూర్తిగా పోలేదు. అంత దగ్గరగా, అంత పొడవునా పరుచుకున్న తీగకు ఒకే దిక్కు ఉండదని ఆ క్షణాన తట్టాల్సింది. నేను పీటను తిట్టుకున్నాను.

కుక్క లేచి ఒళ్లు దులుపుకుంది. గుమ్మం దిగి గట్టు వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసింది.

"ఒరే, ఉండు, వస్తన్నాను," అన్నారు మేస్టారు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీయకుండానే. కుక్క ఉండలేదు.

తొమ్మిదీ ఇరవై ఆరుకు చెవులు పగిలేలా ఒక్క పెటపెట. నాలుగైదు సెకన్లు ఉంటుంది. తర్వాత ఏమీ లేదు. పదకొండు రాత్రుల చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోయింది. బ్యాండు కడిగిన పలకలా ఉంది.

"పోయిందిరా శని!" అని మావయ్య నా వీపు మీద చరిచాడు.

తొమ్మిదిన్నరకు గంట గుర్తుగా ఆరు బీప్‌లు, తర్వాత ఆ గొంతు. 'దుషాంబే' అన్న మాట ముగ్గురమూ విన్నాం. తజికిస్తాన్. మేస్టారు ఇరవై అని వేళ్లతో చూపించారు. కళ్లు తడిగా ఉన్నాయి. ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి ఆయనకే ఇచ్చాం. అంత తేటగా నేను ఎప్పుడూ వినలేదు. అందుకే ఆయన తొమ్మిది నలభైకి లేవలేదు. పదీ ఐదుకు లేచారు.

గుమ్మంలో నిలబడి ఈల వేశారు. ఇంకోసారి వేశారు.

"ఇంటికెల్లిపోయుంటాది," అన్నాడు మావయ్య.

టార్చి వెలుగు గట్టు మీద కొంత దూరం పోయి ఆగింది. ఆగి, కిందికి వంగింది. అప్పుడు ఆయన గొంతు వచ్చింది. అరుపు కాదు, ఎవరినో నిద్ర లేపుతున్నట్టుంది.

"ఒరే. లేరా. ఒరే."

పరిగెత్తాం. కుక్క పక్కకు పడి ఉంది, కాళ్లు బిగుసుకుపోయాయి. మెడ చుట్టూ తీగ. ఆ తీగను మేస్టారు రెండు చేతులా పట్టుకొని విప్పుతున్నారు.

"వదిలీండి మేస్టారూ! తీగ వదిలీండి!" మావయ్య అరుపు కొండలకు వినపడి ఉంటుంది.

ఆయన తలెత్తి చూశారు. చేతుల్లో తీగ అలాగే ఉంది. ఏమీ కాలేదు. కుక్క గిలగిల్లాడిన లాగుడుకు తీగ రాటలతో సహా ఊడి, లైను మీది కొక్కెం జారి పడిపోయింది. స్తంభం కింద గడ్డిలో టార్చి వేసి నేనే చూశాను. వేలంత కొక్కెం. అది లైను మీదే ఉండి ఉంటే మేస్టారు ఆ రాత్రి కుక్క పక్కన ఉండేవారు.

కౌలు రైతు తెల్లవారుజామున తీగ చుట్టడానికి వచ్చాడు. మావయ్య గట్టు మీదే కూర్చుని ఉన్నాడు.

"పందులు పొద్దుగూకితే దిగిపోతన్నాయి బాబూ. మడిలో సగం నేదు. ఈ గట్టంట రాత్రేళ ఎవులు నడుస్తారనుకున్నాను?" అన్నాడతను. తర్వాత కుక్కను చూశాడు. దాని పక్కన మేస్టారి చెప్పుల అచ్చులు చూశాడు. నేల మీద చతికిలబడ్డాడు. మావయ్య అతన్ని వెంటబెట్టుకొని కరెంటాఫీసుకు తీసుకెళ్లాడు.

మేస్టారు తర్వాత షెడ్డుకు రాలేదు. ఇరవయ్యో దేశం ఆయన పుస్తకంలో రాసుకోలేదు. నా పుస్తకంలో ఉంది.

ఉద్యోగంలో చేరడానికి ముందు రోజు పగలు కొలత టేపు తీసుకొని వెళ్లాను. షెడ్డు నుంచి దిక్సూచి చూసుకుంటూ నడిస్తే తిన్నగా కుక్క పడ్డ చోటికే వచ్చాను. వెనక్కి వచ్చి, పదకొండు రాత్రుల వరుసల్లో 'సుమారు ఇరవై కిలోమీటర్లు' కొట్టేసి ప్రతి దాని పక్కనా కొలిచింది రాశాను. నూట ముప్పై ఎనిమిది మీటర్లు.