నోరు విప్పని క్లాసు

ఏండ్ల సంది ఒక బరువు మోస్తున్న. దించుకుందామంటే జాగ దొరుకలే. నేను గప్పాలు కొట్టే మనిషినని మా బడిల అందరికి ఎరికే. మానేరుల చేపను పట్టబోతే ఆ చేపే నన్ను మూడూర్లు గుంజుకపోయిందని చెప్తే కడుపుబ్బ నవ్వుతరు. ఇది చెప్పినా నవ్వుతరు. దీనికి నవ్వితే నేను ఓర్సుకోలేను. మీరు నన్నెరుగరు, గందుకే మీకు రాసి చెప్తున్న.

కరీంనగర్‌ల ఇంగ్లీషు పంతులు ట్రైనింగ్ చేసేటప్పటి ముచ్చట. పోలీసు యాక్షన్ అయి కొన్నేండ్లే. హమీద్, నేను ఒక్క అర్రల ఉండేటోళ్లం. ఆయనది భైంసా. ఉర్దూల చదువుకున్నడు, తెలుగు తడుముకుంట మాట్లాడుతుండె. ఇంగ్లీషు మాత్రం ఆయన పైకి చదివితే పక్క అర్రలోళ్లు పని ఆపి వినేటోళ్లు. నాకు ఇంగ్లీషు పుస్తకంల వచ్చు, నోట్లె రాదు.

ఆఖరుకు మాకు పరీక్ష పాఠం ఉంటుండె. మేము హైస్కూలు పిల్లలకు పాఠం చెప్తే, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి వెనుక బెంచి మీద కూసోని మార్కులేస్తడు. ఇంగ్లీషుల అడగాలె, పిల్లలు ఇంగ్లీషుల జవాబియ్యాలె. మనం ఒక్క తెలుగు ముక్క అన్నమంటే పాఠం పోయినట్టే. అదీ అప్పటి పద్ధతి.

హమీద్ పాఠానికి ముందుదినం మా లెక్చరర్ అందరి ముందట, "పాఠం చెప్తే హమీద్ లెక్కనే చెప్పాలె" అన్నడు. నా దిక్కు తిరిగి, "నువ్వు కతలు చెప్పుకో" అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

తెల్లారి హమీద్ చెప్పబోయే క్లాసులనే నాకు ఆ దినం ఆఖరు గంట ఉండె. పిల్లలకు నా కతలంటే పానం. తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి చెప్పిన.

"రేపు వెనుక బెంచి మీద ఒక దొర కూసుంటడు. ఎవడు ఇంగ్లీషుల మంచిగ జవాబు చెప్తే వాని పేరు రాసుకుంటడు. బయట లారీ ఉంటది. ఎక్కించుకపోయి ఓడల ఏస్తరు. ఇగ అవ్వ మొఖం చూసుడు లేదు."

లారీ అనే మాటే ఎందుకొచ్చింది నా నోటికి? లారీలొచ్చి మనుషులను ఎక్కించుకపోయిన ముచ్చట్లు ఆ పిల్లల ఇండ్లల్ల ఇంకా ఆరలే. నాకది ఎరికే. ఎరికుండే అన్న.

తెల్లారి హమీద్ ఇస్త్రీ షేర్వానీ తొడుక్కోని వచ్చిండు. ముందు బెంచి పిల్లగాన్ని నవ్వుకుంట పేరడిగిండు, ఇంగ్లీషుల. వాడు పెదవులు బిగబట్టిండు. పక్కోన్ని అడిగిండు. వాడూ అంతే. మామిడిపండు బొమ్మ చూపెట్టిండు. క్లాసు క్లాసంత నేల చూస్తున్నది. కిటికీ కాడి పిల్లగాడు ఎక్కెక్కి ఏడ్వ సురువు చేసిండు. హమీద్ వాని దగ్గరికి పోయి వంగిండు. ఏమైంది బేటా అని అడగబోయిండు, నోరు గూడ తెరిచిండు. ఒక్కసారి వెనుక బెంచి దిక్కు చూసి, ఆ మాట మింగిండు.

ఆ మింగుడు నేను చూసిన. తోటి ట్రైనింగోళ్లతోని వెనుక గోడ కాడనే కూసున్న. మొదలు నవ్వొచ్చింది, దాచను. తర్వాత రాలే. లేచి, "పిల్లలు, నిన్న నేను చెప్పింది అబద్ధం" అంటే అయిపోతుండె. లేవలే. అల్లరికి చేసిన, చేసినంక భయమైందని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకున్న. భయమేనా? హమీద్ పాఠం పాడైతుంటే నా లోపల ఎక్కన్నో ఒక దిక్కు చల్లగ కాలేదా? అయింది.

హమీద్ ఫెయిలయిండు. నా పాఠం వేరే క్లాసుల పడ్డది, నేను పాసైన. ఆ పొద్దుమూకి మెట్ల మీద కూసోని అడిగిండు.

"సచ్ బోల్ భాయ్. నా ఇంగ్లీషు గంత ఖరాబున్నదా?"

అప్పుడన్న చెప్పొచ్చు. నేనేమన్ననో వినుండ్రి.

"ఇంగ్లీషు మంచిదే హమీదూ. గని నీ నోరు తిరుగుడు పోరగాండ్లకు సమజ్ గాదు. ఏం జేస్తం?"

తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "ఇంకెవ్వడు చెప్పలే. దోస్తువు గనుక చెప్పినవ్" అన్నడు.

లారీ కత కంటె ఇదే పెద్ద పాపమని నాకు తెలిసేటాలకు ఏండ్లు పట్టింది. హమీద్‌కు మళ్ల పరీక్ష రాసే తొవ్వ ఉండె. రాయలే. భైంసా పోయి వాళ్లన్న పత్తి దుకాణంల కూసున్నడు.

మొన్న ఎండకాలం అటు పోయిన. "అరే, మాస్టర్ సాబ్!" అని అలుముకోని చాయ్ తెప్పిచ్చిండు. ఇంతల పక్క దుకాణమాయన ఇంగ్లీషుల వచ్చిన తార్, అదే టెలిగ్రాం, పట్టుకోని ఉరికొచ్చిండు, చదివి పెట్టుమని. హమీద్ కండ్లు కాగితం మీద గడగడ ఉరికినయ్. అంత సమజైంది, మొఖంలనే కనబడ్డది. అయినా కాగితం నాకందిచ్చిండు.

"జర నువ్వు చదువు. నా నోరు సంగతి నీకెరికే గదా" అని నవ్విండు.

చదివిన. పక్క దుకాణమాయన కొడుక్కు నౌకరి దొరికిందట. అందరు సంబురపడ్డరు. చెప్పాల్సిన మాట పెదవుల దాకొచ్చింది. ఏం జేసిన? బస్సుల జరిగిందని ఒక గప్పం ఎత్తుకున్న. దుకాణమంత నవ్వింది. అందరికంటె ఎక్కువ హమీదే నవ్విండు.

ఆయనకెన్నడన్న చెప్తనా? తెల్వది. చెప్తే ఆయన పోయిన ఏండ్లు వస్తయా? రావు. మాఫీ అడగడానికి నాకు మొఖం లేదు, మిమ్ములనూ అడుగుతలేను. ఒక్కటి మాత్రం ఏమీ కలుపకుంట రాస్తున్న. హమీద్ ఇంగ్లీషుల ఏ తప్పు లేకుండె. పిల్లల నోరు కట్టేసింది నేను. రాసినంక జర ఊపిరాడుతున్నది. గంతే.