కుడి భుజం మీద కొంగు

మా కోడలికి సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. ఆమెది ఒక దేశం, మాది ఒక దేశం, అందరం కలిసి ఉంటున్నది ఇంకో దేశం. ఆ కొట్టుకి రోజూ మా దేశపు నేత చీర కట్టుకునే వెళుతుంది. కుచ్చిళ్ళు ఎగదోపి, నేలమీద గొంతుక్కూర్చుని చెయిన్లు బిగిస్తుంది.

"గ్రీజు మరక తల్లీ, చస్తే పోదు!" అని నెత్తీనోరూ బాదుకున్నాను.

"ప్యాంటుకి కొంగుంటుందా అత్తా?" అంటుంది. కొంగు చివర నట్లూ బోల్టులూ ముడివేసుకుంటుంది. నేను తాళంచెవి ముడివేసుకోవడం చూసి నేర్చిన విద్యే. తెలుగేమో మా వాడి దగ్గర నేర్చింది, అందుకే వాడిలాగే నన్ను "నువ్వు" అంటుంది. మొదట్లో చురుక్కుమనేది. ఇప్పుడు "మీరు" అంటే నేనే బెంగపెట్టుకుంటాను.

అన్నీ బాగానే ఉన్నాయి, ఆ కొంగు తప్ప. మేమంతా ఎడమ భుజం మీద వేసుకుంటే ఈవిడ కుడి భుజం మీద వేస్తుంది. "తిరగబడిందే, విప్పి కట్టు" అని రోజూ గుమ్మంలో ఆపేదాన్ని.

"నువ్వు ఎదురుగా నిలబడి నేర్పావు. నువ్వు ఎటు వేస్తే నేనూ అటే వేశాను" అని నవ్వేది. అద్దంలో బొమ్మని చూసినట్టు నేర్చుకుంది మహాతల్లి! పైగా తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మార్చనంటే మార్చదు.

ఆ మధ్య స్నానాలగదిలో జారిపడ్డాను. ఎడమ భుజం ఎముక విరిగింది. అతికింది గాని చెయ్యి పైకి లేవదు, భుజం మీద గుడ్డ బరువు పడితే ప్రాణం పోయేది. చీరలు బీరువాలోకి వెళ్ళాయి, నేను నైటీలోకి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి పెళ్ళి కుదిరింది.

"నైటీతో నలుగురిలోకి నేను రాను. మీరే కానివ్వండి" అని చెప్పేశాను.

"మంచి గౌను కొంటానే అమ్మా" అని అమ్మాయి బతిమాలింది.

"నీ గౌను నువ్వే వేసుకో!" అని కసిరి తలుపేసుకున్నాను. కన్నకూతురి పెళ్ళి కళ్ళారా చూడనేమోనని లోపల ఒకటే ఏడుపు. ఆ మాట ఎవరితో అంటాను?

పెళ్ళిరోజు పొద్దున్నే కోడలు తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో నా ఆకుపచ్చ పట్టుచీర. రవికెకి ఎడమవైపు కుట్లన్నీ విప్పి హుక్కులు కుట్టింది.

"నువ్వు కదలకు. నేనే నీ చుట్టూ తిరుగుతాను."

"అది కాదే..."

"నోరు కూడా కదపకు."

పిన్నులు పళ్ళ మధ్య పెట్టుకుని చీర చుట్టింది, కుచ్చిళ్ళు పోసింది. కొంగు తీసి నా కుడి భుజం మీద వేసింది.

నొప్పి వస్తుందని ఊపిరి బిగబట్టాను. రాలేదు! బరువంతా కుడివైపే. అద్దంలో చూసుకుంటే ఎన్నాళ్ళకో నేను నాలా ఉన్నాను. భోరుమన్నాను.

"పట్టు తడుస్తుంది అత్తా" అంటూ తన కొంగుతో నా కళ్ళు తుడిచింది. పెళ్ళికి కట్టిన ఆ చీరకీ గ్రీజు మరకే.

రిజిస్ట్రారు ఆఫీసులో ముందుగా చూసింది మా ఆడపడుచు. ఆవిడ కంట్లో పడకుండా చీమ కూడా దాటిపోదు.

"ఇదేంటి వదినా, కొంగు అటు వేశావు? మతిగాని పోయిందా?"

"మా ఇంట్లో ఇలాగే కడతాం" అన్నాను, కోడలి చెయ్యి పట్టుకుని.

సంతకం పెడుతున్న అమ్మాయి తలెత్తి మా ఇద్దరి కొంగులూ చూసి పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి సంతకం వంకరపోయింది. పోతే పోనీ, పెళ్ళయితే అయింది!

ఇప్పుడు భుజం పూర్తిగా నయమైంది. మొన్న ఎవరి సాయమూ లేకుండా చీర కట్టుకుని, పాత అలవాటు చొప్పున కొంగు ఎడమవైపు వేసుకుని గొప్పగా హాల్లోకి వచ్చాను. సైకిలు టైరుకి గాలి కొడుతున్న కోడలు ఆగి, నన్ను ఎగాదిగా చూసింది.

"తిరగబడింది అత్తా, విప్పి కట్టు" అంది.